హాజీ మర్యాదకు అన్న మాట, తూబా ఖానుమ్ అడిగిన తాళాలు

ఇరానీ పంచాంగం ప్రకారం 1377 (అంటే 1998) మెహర్ మాసం పన్నెండవ తేదీ ఉదయం, చేతిసంచిలో ఒక ఎర్రకలం వేసుకుని, మేమంతా ఖానుమ్, అంటే అమ్మగారు, అని పిలుచుకునే శ్రీమతి తూబా సరూరి గారు మా ‘దరీచె’ దినపత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరారు. అప్పటికి పత్రిక వయస్సు పదకొండు రోజులు. ప్రభుత్వానికీ, ఏ పక్షానికీ చెందని ఈ పర్షియన్ పత్రిక ఏడాదైనా బతకదని టెహ్రాను పత్రికాలోకమంతా పెదవి విరిచింది. బతికింది! ఇరవై ఆరేళ్లుగా బతికే ఉంది!

తొలి ఆరేళ్లలో నాలుగు భవనాలు మారాము. తూబా గారి నిశితదృష్టి మాత్రం మారలేదు. సంపాదకులు కీవాన్ రాస్తీ గారి పెళ్లి శుభలేఖను సైతం దిద్ది తిప్పిపంపిన ఘనత వారిది.

1384లో పత్రిక నిషేధానికి గురైంది. మరుసటి ఏడు నిషేధం తొలగినా, ఆరు నెలల్లో సంచిక వెలువడకుంటే అనుమతి రద్దవుతుందని ఉత్తర్వులో ఉంది. ఏ ప్రెస్సువారిని కదిపినా “పండగ వెళ్లాక చూద్దాం” అన్నారు. మా కొత్త సంవత్సరం పండుగైన నౌరోజు ముందు మా ఊళ్లో ఏ పనికైనా అదే జవాబు గనుక మేమూ గడువు లెక్కచూడక నిశ్చింతగా ఉన్నాము. నౌరోజు మూడవనాటి ఉదయం, ఇంట్లో ఊరికే కూర్చోలేక, తూబా గారు ఆ ఉత్తర్వును ఎర్రకలం పట్టుకుని చదివారు. గడువు మరునాటితో సరి! వెంటనే ఫోను చేశారు.

“కీవాన్ గారూ, రేపటితో మన పత్రిక చచ్చిపోతుంది, తెలుసా?”

“అయ్యో ఖానుమ్! పండగ సెలవులు ముగిసే పదమూడో రోజు దాకా ఊళ్లో ఒక్క ప్రెస్సూ తెరవరే!”

“తెరిపిద్దాం. కోటు తొడుక్కుని రండి.”

ఇద్దరూ పండుగ పలకరింపు నెపంతో, శుభలేఖలు అచ్చువేసే హాజీ నెమతుల్లా గారింటికి వెళ్లారు. మా పత్రిక పేరెత్తితే చాలు, ఏడాదిగా ముఖం చాటేస్తున్న మనిషి ఆయన. కానీ పండుగనాడు గుమ్మంలోకి వచ్చిన అతిథిని కాదనగలరా?

“ఇంకో నాలుగు పిస్తాలు తీసుకోండి తల్లీ! ఈ ఇల్లు మీది, ప్రెస్సు మీది, నేను మీ దాసుణ్ణి!”

ఇది విన్న అతిథి “చల్లగా ఉండండి” అని లేచి వెళ్లాలి. మర్యాదకు అన్న మాటను నిజమని పట్టుకోకూడదన్నది మా ఊరి ధర్మం. తూబా గారు చెయ్యి చాపారు.

“అయితే ప్రెస్సు తాళాలు ఇప్పించండి, హాజీ.”

హాజీ పిస్తాల గిన్నె కింద పెట్టేశారు. “అమ్మా... అది... ఏదో మాటవరసకి...”

టీ పళ్లెంతో వస్తున్న ఆయన భార్య ఊరుకోలేదు. “పండగపూట ఆడిన మాట తప్పుతారా? ఇచ్చెయ్యండి!”

మరునాటి మధ్యాహ్నానికి, శుభలేఖల గులాబిరంగు కాగితంమీద, నాలుగు పుటల ‘దరీచె’ వెలువడింది! యంత్రం నడిపింది హాజీయే. “తప్పులుంటే నన్నడక్కండి” అన్నారు మోచేతులదాకా సిరాతో. ఒక్క తప్పూ లేదు. ఆ తరువాత పన్నెండేళ్లు మా పత్రిక ఆయన దగ్గరే అచ్చయింది.

అటుపిమ్మట ప్రూఫు విభాగాధిపతిగా తూబా గారు పదకొండుమందిని తీర్చిదిద్దారు. వారిలో తూబా గారి చేత చీవాట్లు తిననివారు లేరు. మొన్న గురువారం తమ పదవీవిరమణ వీడ్కోలు తేనీటి సభలో అందరినీ కలయజూసి, “నేను మీ దాసిని పిల్లలూ, ఎప్పుడు పిలిచినా వచ్చేస్తా” అన్నారు. అందరం కంటతడి పెట్టుకున్నాము.

వారి నీడ మా తలలమీద తరగకుండా, ఆయురారోగ్యాలతో, మనుమలతో, చెదరని చూపుతో వారు నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. “ఎప్పుడు పిలిచినా వచ్చేస్తా” అన్న ఆ మాట మర్యాదకు అన్నారేమోనని మేము అడగదలచుకోలేదు. ఖానుమ్, ఇదిగో చెయ్యి చాపాము: శనివారం ఉదయం ఎనిమిదింటికి మీ బల్లమీద ప్రూఫులు ఉంటాయి.