ఇల్లు చూస్కో అన్నందుకు

అమీర్‌పేటలో ఎలుకలు చచ్చి పడుతుండడంతో, ప్లేగు భయానికి జనం ఇళ్లకు తాళాలేసి పంజాగుట్ట పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. ఒక గుడిసె ముందు భర్త మీద భార్య గయ్యిమంది.

“కుక్క ఏదయ్యా?”

“గడప ఇడిచిపెట్టి రాదే! తాడేసి గుంజితే నన్నే కరవొచ్చింది.”

“బువ్వ చూపెట్టకపోయినవా?”

“పెట్టిన. తిన్నది, మళ్ల గడప మీదనే పండుకున్నది. దానికి మస్తు పొగరు!”

“తాళమేసేటప్పుడు దానికేమన్నా చెప్పినవా?”

“ఏం చెప్తనే? రోజూ పనికి పోయేటప్పుడు చెప్పేదే. ‘నేనొచ్చేదాంక ఇల్లు చూస్కో’ అన్న.”

“అది గదే చేస్తున్నది! రోజూ నువ్వొచ్చి తలుపు తీసి లోపలికి పోతెనే గద, అది గడప దిగేది. పోయి తియ్యి.”

“ఎలుకలు సచ్చిన ఇంట్లకు నన్ను పొమ్మంటవా?”

“మరి దాన్నెట్ల కావలి పెట్టి వచ్చినవయ్యా?”