పురుగును చంపే నాలుగక్షరాలు

అది కాదు అయూబ్ మాస్టారూ, ఇంగ్లీషులో ఇన్ని వేల మాటలున్నాయి గదా, మీకు ఆ మాటలే దొరికాయా? నా స్కూల్లో, నా స్టేజీ మీద, నా మైకులో!

కూర్చోండి. మీరు నిలబడితే స్టాఫ్‌రూములో వాళ్లు నేనేదో తిడుతున్నాననుకుంటారు. తిట్టట్లేదండీ. ఈ అంకమ్మరావు కరెస్పాండెంటు అయ్యాక ఒక్క మాస్టార్ని ఒక్క మాటన్నాడా? అడుగుతున్నానంతే.

నేనేం చెప్పాను మీకు? వార్షికోత్సవానికి ఒక ఇంగ్లీషు ఐటమ్ పెట్టండి, తల్లిదండ్రులు నోళ్లు తెరుచుకుని చూడాలి అన్నాను. వాళ్లకి అర్థం కావాలని చెప్పానా? రోడ్డుకవతల స్కూలు వాళ్లు అబాకస్ పెట్టారు. ఎవరికైనా ఒక్క ముక్క తలకెక్కిందా? అయినా పిల్లలంతా అటే పోయారు. చదువంటే అట్టా ఉండాలండీ!

మీరేమో ‘ఒకే అక్షరాలతో ముగిసే మాటలు సార్, పిల్లలు అర్థాలతో సహా చెబుతారు’ అన్నారు. సి, ఐ, డి, ఇ అన్నారు. సీఐడీ ఏంటి మాస్టారూ, పోలీసుల ఐటమా అని నవ్వాను కూడా. తీరా మాటలు వింటే నాకే ముచ్చటేసింది. పెస్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్! మన పురుగుమందుల షాపుకి ఊరికే పబ్లిసిటీ అనుకున్నాను. హోమిసైడ్, సూయిసైడ్ మాత్రం నేనే తీయించాను. పండగలాంటి రోజున ఆ చావుమాటలెందుకు? పైగా ఆ రెండోదానికి మన ఊళ్లో ఒకరు అర్థం చెప్పాలా ఏంటి!

సరే. పిల్లలు వరసగా వచ్చారు. ‘హెర్బిసైడ్ అంటే కలుపును చంపేది.’ ‘ఫంగిసైడ్ అంటే బూజు తెగులును చంపేది.’ జనం ఒకటే చప్పట్లు. ముందు వరసలో మా రాజ్యం పిన్ని అయితే, ‘ఒరేయ్ అంకమ్మా, మనం రోజూ మాట్లాడేది ఇంగ్లీషేనంట్రా!’ అని మురిసిపోయింది.

అప్పుడొచ్చింది ఆ ఏడో తరగతి నజ్మీన్. మైకు మూతి దగ్గరికి లాక్కుంది. ‘పెస్ట్ అంటే పురుగు. సైడ్ అంటే చంపేది. పెస్టిసైడ్ అంటే పురుగును చంపేది!’

వాళ్ల నాన్న బుడాన్ లేచి నిలబడ్డాడు. కూతుర్ని మెచ్చుకుంటాడనుకున్నానండీ, అల్లా సాక్షిగా... మీ మాటే వస్తోంది నా నోటికి. ‘అంకమ్మరావు గారూ, మా అమ్మాయి చెప్పింది కరెక్టేనా?’ అన్నాడు.

‘నూటికి నూరుపాళ్లు కరెక్టు బుడానూ!’ అన్నాను. మైకులో అన్నాను!

‘మరి మీ షాపులో మందు కొట్టిందే కొట్టాను. నా మిరపలో నల్ల తామరపురుగు ఒక్కటీ చావలేదే? పూతంతా రాలిపోయి చేను దున్నేశాను. అదేం సైడండీ?’

నవ్వారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ‘నాదీ అంతే’ అని ఒకడు లేచాడు. ‘మా పత్తి సంగతేంటి’ అని ఇంకొకడు. చీఫ్ గెస్టుగా పిలిచిన మందుల కంపెనీ ఏరియా మేనేజరు, బాత్‌రూమెక్కడ అని అడిగి వెళ్లినవాడు, వెళ్లినట్టే ఒంగోలు చేరాడు. బిరియానీ కూడా ముట్టుకోలేదు పాపం.

అంతటితో పోయిందా? తెల్లారేసరికి బుడాన్ కూతుర్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చాడు. చేతిలో ఖాళీ సీసా.

‘ఆ నాలుగక్షరాలు దీనిమీద ఎక్కడున్నాయో చూడమ్మా.’

ఆ పిల్ల సీసాని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ‘లేవు నాన్నా. ప్రమోటర్ అని ఉంది.’

‘అంటే?’

‘పెంచేది.’

బుడాన్ నా మొహంలోకి చూశాడండీ. ‘అంటే ఇన్నాళ్లూ నేను పురుగును పెంచానా అంకమ్మరావు గారూ?’ అన్నాడు. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. మెల్లగా అడిగాడు. 

ఆ తర్వాత ఊరంతా సీసాలతో దిగింది. పక్కన పిల్లలు! పాఠం వల్లెవేసినట్టు సి, ఐ, డి, ఇ అని వెతుకుతున్నారు, నా కౌంటరు మీద! నా స్కూల్లో నేర్చుకుని! వ్యవసాయాఫీసరు వచ్చి సీసాలు పరీక్షకి పట్టుకెళ్లాడు. షాపుకి తాళం వేయమన్నాడు.

అందుకే పిలిచాను. రేపు ప్రేయర్‌లో మీరొక చిన్న మాట చెప్పాలి. సైడ్ అంటే చంపేదే కానక్కర్లేదు, కాస్త భయపెట్టేది అని కూడా అర్థముందని. పురుగును నిరుత్సాహపరిచేది అనండి పోనీ. ఎవరు చూడొచ్చారు?

డిక్షనరీలో లేదా? డిక్షనరీ ఎవరింట్లో ఉంది మాస్టారూ, మన లైబ్రరీలోనే లేదు!

అట్టా తల అడ్డంగా ఊపకండి. ఇంగ్లీషు మన సొత్తా, మారిస్తే అడగొచ్చేదెవరు? ఆగండాగండి, ఎక్కడికి లేస్తున్నారు? రాజీనామా అంటారేంటి మధ్యలో! మీరు పోతే ఊరు నిజమనే అనుకుంటుంది గదా.

ఆఁ? ఏమన్నారు?

నా చేలో నేనేం కొట్టానా?

...తలుపు దగ్గరగా వేయండి.

మాది కాలవ కింద చేను. ఈ ఏడు మిరప బాగానే ఉంది, విరగకాసింది. దానికి షాపులో మందు ముట్టించలేదు. గుంటూరులో తెలిసినవాళ్ల దగ్గర అసలు సరుకు తెప్పించుకున్నాను. మీ నాలుగక్షరాలూ ఉన్నదే.

ఎందుకట్టా చూస్తారు మాస్టారూ? నా చేలో పురుగు చావాలి గదండీ!