ఐసుముక్క కరిగేలోగా

నరసన్నపేటలో గున్నమ్మ ఇంటి పెరడు. మధ్యాహ్నం మూడు దాటింది. కొడుకూ, కోడలు నీలవేణీ కోటబొమ్మాళి నుంచి నాలుగింటి బస్సుకి దిగుతారు. వాచిన చేత్తో గున్నమ్మా, గోనెగుడ్డలో ఐసుముక్క పట్టుకుని ఆడపడుచు జగ్గమ్మా కూర్చున్నారు.

“అరవకే గున్నమ్మా! పెళ్లిలో పాట పాడమంటే రాని గొంతు ఇప్పుడెక్కడినుంచి వొచ్చినాది?”

“సల్లగా ఉంటాదన్నావు, నిప్పులాగున్నాది వదినా! ఉప్పుమూటతో కాపడం పెడితే పోను కదా.”

“ఎచ్చగా కాపితే ఇంకా ఉబ్బుతాది. దెబ్బ తగిలిన సోటికి నెత్తురు సుట్టాలొచ్చినట్టు పరిగెత్తుకొస్తాదట. సల్లదనం తగిలితే ఆగుతాదట. కాంపౌండరు నూకయ్య సెప్పినాడు.”

“నూకయ్యకి నా సంగతి సెప్పేసినావేటి?”

“మా దూడకి కాలు వాచిందన్నాను.”

“నాను దూడనా!”

“దూడైతే కదలకుండా ఉండును. సెయ్యి పైకెత్తు. ఇంకా. బడిలో పిల్లలాగ. గుడ్డ తియ్యకు, వట్టి ఐసు తగిలితే సర్మం పాడైపోతాది.”

“సోడాకొట్టోడు ఏటీ అడగనేదా?”

“నిమ్మరసంలోకన్నాను. ఇప్పుడు నువ్వు సెప్పు. ట్రంకుపెట్టె మూత సేతిమీద పడింది, సరే. కోడలి పెట్టెలో నీకేటి పని?”

“కలరా ఉండలు ఏద్దామని...”

“కలరా ఉండలేస్తే సేతికి ఆకుపచ్చ గాజులు మొలుస్తాయేటి?”

“ఒకటో రెండో...”

“ఆరు మొలిసినాయి.”

“ఒక్కపాలి ఏసుకుని తీసేద్దామనుకున్నాను వదినా. అద్దంలో సూసుకుంటంటే వీధి తలుపు సప్పుడైనాది. గాబరాలో మూత ఒగ్గేసినాను.”

“ఆ సప్పుడు నాదే కదే!”

“నీదే! ఈ వాపంతా నీ వల్లే.”

“బాగున్నాది. మా తమ్ముడు పైనుంచి నిన్ను సూసి నవ్వుకుంటన్నాడు.”

“నవ్వనీ. బతికున్నప్పుడు నవ్వినాడు కనకనా?”

“అదీ నిజమే. బస్సు యేళైపోతంది. ఇటియ్యి సెయ్యి, రాయెట్టి సిన్న దెబ్బ ఏసేస్తాను. గాజులే కదా. పిల్లి పడగొట్టిందని సెబుదాం.”

“వద్దు.”

“నీలవేణి ఏటీ అనదే. మంచి పిల్ల.”

“నీలవేణి గురించి కాదు. ఒకపాలి పగలగొట్టించుకున్నాను. పదోరోజున. నువ్వే నా సెయ్యి పట్టుకున్నావు. అప్పటికే నీ సేతులు బోసిగా ఉన్నాయి.”

“...పట్టుకున్నాను.”

“మళ్లీ ఆ సప్పుడు ఇననేను వదినా.”

“సరే, సరే. ఏడవకు. కన్నీళ్లు ఎచ్చగా ఉంటాయి, వాపు తగ్గదు.”

“నవ్వించకు, నొప్పి!”

“ఏదీ, సూడనీ. తగ్గినాదే! ఎముకలు కనపడతన్నాయి. కొబ్బరినూని రాస్తన్నాను. బొటనేలు లోపలికి మడువు. ఊపిరి బిగబట్టు. అదిగో...”

“అబ్బా!”

“ఒకటి ఊడినాది. మిగతావి దాని ఎనకే వొస్తాయి. అంతే... అంతే... అయిపోయినాది. ఒక్కటీ సిట్లనేదు.”

“అమ్మయ్య! ఇటియ్యి వదినా, తుడిసి పెట్టెలో ఎట్టేస్తాను.”

“ఆగు.”

“ఆగడమేటి? బస్సొచ్చేస్తాది!”

“బస్సు దిగి ఇంతదూరం నడిసి రావాలి కదే.”

“అయితే?”

“ఐసు ఇంకా గుప్పెడున్నాది. నా సెయ్యి నీ సెయ్యి కన్నా లావు. కాసేపు ఐసెట్టి, అప్పుడెక్కించవే.”