సామ్రాజ్యమ్మ తీసిన దిష్టి

సామ్రాజ్యమ్మని ఒకావిడ ఉండేదంట. ఊరెక్కడో కాదు, మనలాంటి మిరపకాయల ఊరే అనుకో. ఒక పెంకుటిల్లు, ఒక్కగానొక్క కొడుకు సింగయ్య. ఆడు నోట్లో నాలుక లేనోడు, తల్లి కూచోమంటే కూచుంటాడు, లేవమంటే లేస్తాడు. ఈవిడికేమో అందరి కళ్లూ తన ఇంటి మీదే ఉన్నయ్యని భయం. పండిన మిరపకాయలన్నీ తెచ్చి నట్టింట్లో రాశి పోయించేదంట, వాకిట్లో పోస్తే వచ్చేపోయే వాళ్లు చూస్తారని. ఉన్న ఒక్క కిటికీకీ బస్తాలు అడ్డం పెట్టించింది. పొయ్యి కూడా లోపలే, ఏం వండుకున్నారో ఎవరికీ తెలవకూడదుగా మరి. ఆ పొగ, ఆ మిరప దుమ్ము, ఆ దులపని బొంతలు, ఆ బూజు, అన్నీ ఒక్క కప్పు కిందే. ఆ రాశి పక్కనే తినటం, ఆ రాశి పక్కనే పడుకోటం. ఏమే కోటేశ్వరీ, నవ్వుతావేందే? మనం మాత్రం ఎక్కడ కూచున్నాం, తలుపేసుకుని రాశి చుట్టూ కూచోలా? సరే, కాయలకి ముచ్చికలు తియ్యి, చెయ్యి ఆపమాక.

అట్టాంటి ఇంటికి కోడలొచ్చింది. వజ్రమని, ఏటి అవతల ఊరి పిల్ల. కుడికాలు గడప లోపల పెట్టిందో లేదో, హాఛ్ అని ఒక్క తుమ్ము తుమ్మిందంట. కొత్త పెళ్లికూతురు గడప మీద తుమ్మితే ఊరుకుంటారా? సామ్రాజ్యమ్మ మూతి ముడుచుకుని, అరుగు మీద కూచోబెట్టి, నీళ్లు తాగించి మళ్లీ రమ్మంది. మళ్లీ వచ్చింది, మళ్లీ తుమ్మింది. ఇంకేం చేస్తారు, తుమ్ముకుంటానే కాపరానికొచ్చింది. కొన్నాళ్లు పోయినాక ఆ తుమ్ములు ఆగినియ్యి. మా ఇంటి మనిషైపోయిందిలే అని అత్త మురుసుకుందంట. ఇంటి మనిషవటం కాదే పిచ్చిమొహమా, ముక్కు చచ్చిపోయింది! తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. మంగతాయారని పేరు, తాయీ తాయీ అని పిలుచుకునేవోళ్లు. సామ్రాజ్యమ్మకి ఆ పిల్లంటే పంచప్రాణాలు, చంక దింపేది కాదు.

ఏమైందంటే, పిల్లకి నడకొచ్చే యాళకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, గొంతులో పిల్లికూతలు, ఊపిరి తీస్తంటే డొక్కలెగిరెగిరి పడతన్నయ్యంట. డాక్టరు దగ్గరికి తీసకపోయారు. మందు తాగినన్నాళ్లు తగ్గిద్ది, ఆపితే మళ్లీ మొదలు. ఇంట్లో పొగా దుమ్మూ ఉన్నయ్యామ్మా అని ఆయన అడిగితే, మా ఇల్లు అద్దంలా ఉంటదయ్యా అని సామ్రాజ్యమ్మే చెప్పిందంట. ఇంటికొచ్చి, ఇది మందులకి పోయేది కాదు, దిష్టి అని తేల్చేసింది. ఎదురింటి ఆదెమ్మ మొన్న పిల్లని చూసి ఎంత ముద్దుగా ఉందో అనలా, ఆ కళ్లేనంట. ఉప్పూ మిరపకాయలూ గుప్పెట్లో పట్టి, పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. మనకి తెలిసిందేగా, దిష్టి లేకపోతే ఘాటెక్కి అందరూ దగ్గాల, దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ ఇంట్లో ఎవరు దగ్గుతారు? చచ్చిన ముక్కులాయె. చూశావా ఎంత దిష్టో, ఒక్కళ్లకైనా ఘాటు తగిలిందా అని, తెల్లారి ఇంకో గుప్పెడు. అయినా పిల్ల తప్ప ఎవరూ దగ్గలా. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ. పిల్ల ఎంత ఆయాసపడితే ఈవిడ అన్ని మిరపకాయలు కాలుస్తంది, ఈవిడ ఎన్ని కాలిస్తే పిల్ల అంత ఆయాసపడతంది. అంతా ప్రేమేనమ్మా, అదీ చెప్పాలి. ఆ పొగ పెంకుల సందుల్లోంచి పోయి ఎదురింట్లో పడింది. ఆదెమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని, దగ్గుకుంటా వీధిలోకొచ్చి, ఏం తగలబెడతన్నావ్ వదినా, ఊపిరాడక చస్తన్నాం అని కేకలేసింది. సామ్రాజ్యమ్మ గడపలో నిలబడి, 'చూడండ్రా, చూడండి! దగ్గినోళ్లదే దిష్టి! దొరికిపోయింది!' అని వీధంతా వినపడేట్టు అరిచిందంట. ఆ రోజు నుంచి రెండిళ్లకీ మాటల్లేవు.

ఇంతలో వజ్రానికి వాళ్ల వదిన పురుడని కబురొస్తే, పిల్లని చంకనేసుకుని పుట్టింటికి పోయింది. పుట్టిల్లు ఎంత, చిన్న తాటాకిల్లు. కానీ వాళ్లమ్మ పొద్దున్నే తలుపులు బార్లా తీసేది, బొంతలు దండెం మీద ఎండేసేది, నేల తడిగుడ్డతో తుడిచేది, పొయ్యి పెరట్లో. అక్కడ ఉండగా ఉండగా పిల్లికూతలు పోయినియ్యి. తాయి కోడిపిల్లల ఎంటబడి పరిగెత్తటం, నవ్వటం. వజ్రానికి ప్రాణం లేచొచ్చింది. పురుడు అయిపోయింది, అత్తారింటికి తిరిగొచ్చి గడపలో కాలు పెట్టిందో లేదో, హాఛ్! మళ్లీ హాఛ్! అదేందబ్బా, నేను ఇట్టా తుమ్మింది పెళ్లికూతురుగా వచ్చినప్పుడేగా అనుకుంది. పొద్దుగూకే యాళకి పిల్లకి మళ్లీ కూతలు. అప్పుడు తెలిసిందంట వజ్రానికి. పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చింది, ఇన్నాళ్లూ ఈ బిడ్డ ఏం పీలుస్తందో తల్లినై ఉండి కనిపెట్టలేకపోతినే అని. సరే, అత్తకెట్టా చెప్పాల? నీ ఇంట్లోనే ఉంది రోగమంటే ఇంకేమన్నా ఉందా, పెట్టే బేడా బయట పడతయ్యి.

అందుకని ఏం చేసిందంటే, ఒక అబద్ధమాడింది. 'అత్తా, మా ఊళ్లో ఒక పెద్దామె ఉంది, చూడంగానే చెప్పేసింది. ఈ దిష్టి పిల్లకి కాదంట, ఇంటికంట. అందుకే పిల్లకి ఎన్నిసార్లు తీసినా పోటంలా.' సామ్రాజ్యమ్మ లేచి కూచుంది. మరి ఇంటికి ఎట్టా తియ్యాలంట? 'ఇంట్లో ఉన్నయ్యన్నీ బయటికి తెచ్చి ఎండ చూపించాలంట. పొయ్యి వసారాలోకి మార్చాలంట. కిటికీకి అడ్డం తీసెయ్యాలంట, బూజూ మసీ దులిపి తడిగుడ్డ పెట్టాలంట. అయ్యేదాకా పిల్ల లోపలికి రాకూడదు, మనమూ బయట పందిట్లోనే పడుకోవాలంట. ఆఖర్న ఒకే ఒక్క మిరపకాయ నిప్పుల్లో వేస్తే, ఘాటొచ్చిందా, దిష్టి పోయినట్టేనంట.' ఇహ చూడు సామ్రాజ్యమ్మని! కోడలు ఒకటి చెప్తే ఈవిడ రెండు చేస్తంది. వాకిట్లో పోస్తే జనం చూడరా అని సింగయ్య గొణిగితే, నా మనవరాలి ఊపిరి కన్నా ఎక్కువంట్రా మిరపకాయలు, మొయ్యి అందంట. బస్తాలు లాగంగానే కిటికీలోంచి ఎండొచ్చి నట్టింట్లో పడింది. ఆ ఎండలో దుమ్ము ఎట్టా లేస్తందో చూసి, ఇంత దుమ్మా అని సామ్రాజ్యమ్మ తనే చీపురందుకుందంట.

పందిట్లో పడుకోంగా పడుకోంగా పిల్లకి కూతలు తగ్గినియ్యి, ఈవిడ ముక్కూ తెరుచుకుంది. ఒక పొద్దున అందర్నీ పిలిచి, కడిగిన ఇంట్లో కూచుని, ఒక్క మిరపకాయ నిప్పుల మీదేసింది. వేసి గట్టిగా పీల్చింది. ఇంకేముంది, తుమ్ము మీద తుమ్ము, దగ్గు మీద దగ్గు! సింగయ్య ఒక పక్క, వజ్రం ఒక పక్క, ఈవిడ కొంగు కూడా చూసుకోకుండా వాకిట్లోకి పరుగు. పోయింది, దిష్టి పోయింది అని చప్పట్లు కొడతా కొడతా ఆగిపోయింది. ఎదురుగా అరుగు మీద ఆదెమ్మ ఉంది. 'దగ్గినోళ్లదే దిష్టి అంటిని కదా వదినా' అంది సామ్రాజ్యమ్మ మెల్లగా. 'మరి ఇయాళ దగ్గింది నేనే.' కళ్లెమ్మట నీళ్లు. ఘాటు పోయినా ఆగలా ఆ నీళ్లు. తాయిని ఎత్తుకుని వీధి దాటి పోయి, ఆదెమ్మ ఒళ్లో పెట్టి, 'కళ్లు నీయి కాదు వదినా, నాయే. చూసుకో, ఎంత ముద్దుగా ఉందో నువ్వే చెప్పు' అందంట.

ఇంటికొచ్చినాక కోడల్ని అడిగింది, 'మీ ఊళ్లో ఆ పెద్దామె పేరేందే?' వజ్రం తలొంచుకుంది. సామ్రాజ్యమ్మ నవ్వి, 'చెప్పకపోతే మాన్లే. ఈ దిష్టి మళ్లీ ఎప్పుడెప్పుడు తియ్యాలో ఆవిణ్ణి అడిగి చెప్పు' అంది. 'రోజూ తలుపులు తియ్యాలంటత్తా, బొంతలు మాత్రం వారానికోసారంట' అంది కోడలు. ఆ తర్వాత తాయికి పెళ్లీ అయ్యింది, పిల్లలూ పుట్టారు, మూడు వీధులకి వినపడేట్టు కేకలేసేదంట, అంత ఊపిరి.

అయిపోయింది కథ. ఏంది, అట్టా చూస్తన్నారు? కోటేశ్వరీ, నీ ఒళ్లో పిల్ల ఇందాకట్నించీ దగ్గుతానే ఉంది, నేను వినట్లేదనుకున్నావా? అసలీ కథ ఎత్తుకుంది అందుకేగా. లేవండే, అందరూ రాశి కిందేసిన పట్టా అంచు తలా ఒకటి పట్టుకోండి, ఈ రాశి వాకిట్లోకి లాగుదాం, చూసేవోళ్లు చూడనీ. ముందా తలుపు తియ్యి. ఆఁ, పూర్తిగా తియ్యి. అదుగో, తుమ్మిందే కోటేశ్వరి! చిరంజీవ! బతికే ఉందిలే నీ ముక్కు.