మూడో రాడ్డు మీద అంకె

ఏంటమ్మా, నీ కారు ఇంజన్లో ఫోర్జ్‌డ్ క్రాంకూ రాడ్లూ వేయిస్తున్నావా? వేయించు, వేయించు. మీ తాతే ఉంటే ఈపాటికి నీకంటే ముందెళ్లి ఆ షెడ్డులో కూచునేవాడు. నాకు బావ వరసే గానీ, పనిలో గురువు. ఆయనకి ఒకటే జబ్బు, ‘ఎందుకు’ అనే జబ్బు. బండి ఆగిపోతే మనం ‘అయ్యో’ అంటామా, ఆయన ‘అరె, ఎందుకాగిందీ?’ అనేవాడు, మొహం వెలిగిపోయేది. కొత్త క్రాంకు వస్తే, ఆ వంకర ఇరుసుని కొక్కేనికి వేలాడదీసి, చిన్న సుత్తితో ఇలా ఒక్కటిచ్చేవాడు. ఖంగుమని మోగి, మోగుతూనే ఉంటే మంచిది. టప్పుమంటే లోపలెక్కడో పగులుందన్నమాట. ఇంట్లోంచి మీ నానమ్మ అరిచేది, ‘అన్నం చల్లారిపోతోంది, ఆ గంట ఆపి రండీ!’ అని.

ఏం చెబుతున్నా? ఆఁ, కోతమిల్లాయన కారు. మనిషి లావు, గొంతు సన్నం. కొండ రోడ్డు మీద పందేలకెళ్లేవాడు. ఒకసారి సగం కొండెక్కాక పిస్టన్లని క్రాంకుకి కలిపే రాడ్లలో మూడోది విరిగి, ఇంజను బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చింది. నూనంతా టైర్ల కిందకి కారి, కారు జారిపోయి రాతిగోడకి కొట్టుకుంది. రెండడుగులు ఇటైతే లోయే! చేతికి కట్టుతో వచ్చాడు. ‘మేస్త్రీ, ఇనుం చవకదయ్యా! ఈసారి ఫోర్జ్‌డువి తెప్పించు, క్రాంకుతో సహా!’ అన్నాడు. అచ్చులో పోత పోసినదానికంటే కాల్చి దెబ్బలేసి అణిచింది గట్టిదేలే, అది నిజమే. నేను వెంటనే ‘అవునండీ, ఇనుందే తప్పు’ అన్నా. మీ తాత మాత్రం, ‘ఎందుకు విరిగిందో తెలీకుండా గట్టిది వేస్తే, అదీ విరుగుతుంది’ అని, గడియారాలు బాగుచేసేవాడి దగ్గర భూతద్దం అడిగి తెచ్చుకున్నాడు. తిరిగివ్వలేదనుకో, అది వేరే కథ. మూడు రోజులు ఆ విరిగిన ముక్కలు పట్టుకుని కూచున్నాడు. ఆ మూడు రోజులూ నేను ఆ ముక్కల దగ్గరికే పోలేదు.

ఎందుకా? చెబుతున్నాగా, తొందరపడకు. రాడ్డు అడుగున మూత ఉంటుంది చూడు, దేని మూత దానికే వెయ్యాలి. కలిసిపోకుండా అంకె చెక్కిన పంచ్ ఆనించి, సుత్తితో నంబర్లు కొడతాం. మూత పక్కన లావుగా ఉంటుంది, అక్కడ కొట్టాలి. నేనేమో అంతకుముందు ఆ ఇంజను విప్పినప్పుడు, హడావిడిలో రాడ్డు సన్నటి నడుం మీద కొట్టాను. రాడ్డు సరిగ్గా ఆ ‘3’ మీదే రెండైంది. నాకు తెలుసు. తెలిసే ఇనుందే తప్పన్నా. మూడో రోజు బావ, ‘ఇదిగో, ఇక్కడ మొదలైంది!’ అన్నాడు, పోయిన ఉంగరం దొరికినవాడిలా. విరిగినచోట అలలు అలలుగా గీతలుంటాయమ్మా, అవన్నీ ఆ అంకె గుంటలోంచే బయల్దేరాయి. అంతలోనే ఆయన మొహం చిన్నబోయింది. షెడ్డులో పంచ్ పట్టేది మేమిద్దరమే. తను కొట్టలేదని తనకి తెలుసు కదా! నేను తల వంచుకుని నట్లు ఏరుతున్నా. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు, చిన్నపిల్లాణ్ణేం కాదు. ఒక మనిషిని చంపబోయానని తెలిసీ నట్లు ఏరుతూనే ఉన్నా. బావ చేతులు తుడుచుకుని మిల్లాయన దగ్గరికెళ్లాడు. ‘ఇనుం తప్పు కాదండీ. నంబరు కొట్టకూడని చోట కొట్టాను’ అన్నాడు. కొట్టాను అన్నాడమ్మా, కొట్టాడు అనలేదు. మిల్లాయన ఆయన్నే చూసి, ‘నువ్వా?’ అన్నాడు. తర్వాత, ‘అయితే కొత్తవీ నువ్వే వెయ్యి. తప్పు ఒప్పుకునే మేస్త్రిని ఎక్కడని వెతుక్కోను’ అన్నాడు.

కొత్తవి వచ్చాయి. క్రాంకుని మోగిస్తే ఎంతసేపు మోగిందో! రాడ్లు నా ముందు పేర్చి, పంచ్ నా చేతికిచ్చి, ‘మూత పక్కన, లావుగా ఉన్నచోట’ అన్నాడు. ఆ ఇంజను ఎన్నేళ్లు తిరిగిందనీ! కానీ మీ నానమ్మ వదిలిందా? ఇంటికి ఎవరొచ్చినా, భోజనాల దగ్గర, ‘పెద్ద మేస్త్రి! నంబరెక్కడ కొట్టాలో తెలీక మనిషిని లోయలోకి తోసెయ్యబోయారు’ అని మొదలెట్టేది. బావ కంచంలోకి చూసి నవ్వేవాడు. పొరపాటున కూడా నావైపు చూసేవాడు కాదు. ఇరవై రెండేళ్లు. నేను ఎదురుగానే కూచునేవాణ్ణమ్మా. నేనూ నవ్వేవాణ్ణి, అందరితోపాటు.

ఆ కిటికీ వెయ్యి, దుమ్మొస్తోంది.