ఆగిపోయినా బయటనే కూసున్న

"అత్తమ్మా, నీకు ఏ వయసుల ఆగింది?" అనా అడిగినవ్? ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా. కూసో. గా ఫ్యాను జర తక్కువ చెయ్యి, మాట ఇనవడదు.

నాకా... నీ పెనిమిటి నా కడగొట్టోడు గదా, ఆరో ఏడో సదువుతుండె. డెబ్బై రెండో సాలు, కాదు, డెబ్బై మూడో. గోదావరిఖనిల మాకు కొత్తగ క్వార్టర్ ఇచ్చిన్రు. ఒక్క అర్ర, ముంగట వరండ. నెలొస్తె మూడొద్దులు వరండల సాపేసుకొని బయట కూసునుడే. పొయ్యి ముట్టద్దు, బిందె ముట్టద్దు. మీ మామ షిఫ్టు దిగొచ్చి బొగ్గు మొకంతోని ఆయనే వండేటోడు. అన్నం ముద్ద ముద్ద చేస్తుండె గనీ, నడుము వాల్చెతందుకు నాకు అవ్వే మూడొద్దులు.

నలభై ఆరేండ్లకు ఆగిపోయింది. ఒళ్లంత సెగలు, చెమటలు, ఊకె కోపం. ఎవలకు జెప్పలే. ముసల్దైందంటరని సిగ్గు. గా మూడొద్దుల సుకం పోతదని గూడ, దాసుడెందుకు. అందుకే నెల నెలా అబద్ధంగ బయట కూసున్న. రెండేండ్లు! నవ్వు, నవ్వు. నేను గూడ లోపట్లోపట నవ్వుకుంటుంటి.

పక్క క్వార్టర్ల రాజక్క ఉండె. నాకంటె ఏడాదే పెద్ద. ఎంత గట్టి మనిషనుకున్నవ్, నీళ్ల నల్ల కాడ రెండు బిందెలు ఒక్కసారే ఎత్తేది. ఆమెకు నాకంటె ముందే ఆగింది. ఏడాదిన్నరకు మళ్ల ఎర్ర కనవడ్డది. సాప మీద నన్ను జూసి, "నీకింక అయితనే ఉన్నది గదనే. నాది గూడ గంతే" అన్నది. నేను ఊఁ అన్న. అంతే అన్న బిడ్డా.

ఎనిమిది నెలలకు నల్ల కాడ కూలవడ్డది. దవాఖానకు పట్కపోతిమి. డాక్టరమ్మ, "ఆగి ఏడాదైనంక ఒక్క సుక్క కనవడ్డా జల్ది రావాలె. గర్భసంచిల గడ్డ ముదిరింది" అన్నది. ఆ ఎండకాలం దాటలే రాజక్క.

పోయేముందు చెయ్యి పట్టుకొని చెప్పిన, "నాకెప్పుడో ఆగిందే అక్కా" అని. "నాకు జెప్పకపోతివి" అన్నది. తిట్టలే. తిడితె మంచిగుండు.

గప్పటి సంది సాపెయ్యలే. మీ మామకు చెప్పిన. నల్ల కాడ ఆడోళ్లందరికి చెప్పిన, సిగ్గులేనిదన్నరు. అననీ. నువ్వులు తినుండ్రి అన్న, ఆ దినాలల్ల పావలిస్తె ఒళ్లెకిన్ని పోసేటోళ్లు. అంబలి తాగుండ్రి, మందంగ కూసోకుండ్రి, నడువుండ్రి. సెగలొస్తె ఫికర్ వద్దు, అవ్వి తగ్గుతయ్. ఆగినంక మళ్ల ఎర్ర కనవడితె మాత్రం జల్ది దవాఖానకు పోవాలె అని చెప్పిన.

ఇంత చెప్పిన గనీ... నువ్వెందుకు అడిగినవ్? నీకు ఆగి రెండేండ్లాయె, నాకు తెల్వదా. మొన్నటి సంది మొకం పాలిపోయింది. తల వంచకు. కనవడ్డదా?

...ఎన్ని దినాలాయె?

ఏడ్వకు. అందరికి గడ్డే ఉండదు, సూపించుకుంటె తెలుస్తది. లే, చెప్పులేసుకో. నేను గూడ వస్త. నూరేండ్లు సల్లగుండాలె నా బిడ్డ... ఆ తాళంచెయ్యి ఇటియ్యి.