'హిస్' అందా, 'ఇక్' అందా?

హలో… ఆ, నేనే. చెప్పరా తమ్ముడూ…

అరవకు. ఎవరు, ఎవర్నన్నారు?… ఆసుపత్రి నర్సా? నీ పెళ్ళాన్నా?… 'హిస్టెరిక్' అందా! బాలింతని పట్టుకుని హిస్టీరియా అంటుందా?…

మరి నువ్వేమన్నావ్?… నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశావా. బాగుంది.

ఆగాగు. అసలావిడ ఎందుకు చేసింది?… పొద్దున పాపకి రక్తం తీశారా? ఆ రిపోర్టు గురించా?…

ఒరేయ్, ఆ మాట మళ్ళీ చెప్పు. ఆవిడ ఎలా అందో అలాగే, ముక్కలు ముక్కలుగా… కాదు, మొదట్లో 'హ' వినపడిందా? 'హిస్' అందా, 'ఇక్' అందా?… గుర్తు తెచ్చుకో… ఇక్. టె. రిక్. అంతేనా?…

దేవుడా.

అది తిట్టు కాదురా, రంగు! పసుపు రంగు… డాక్టర్లు చెప్పింది విని టైపు చేయడమే కదా నా ఉద్యోగం, రోజూ చెవిన పడే మాటే. ఆసుపత్రిలో పసిపిల్లల్ని తల్లి పేరుతోనే చెప్తారు; పిల్ల పచ్చబడిందని చెప్పిందిరా ఆవిడ. కామెర్లు…

పాపని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళు. ట్యూబులైటు కింద తెలీదు… ముక్కు మీద వేలితో మెల్లిగా నొక్కి వదులు. ఏ రంగు?… ఛాతీ మీద?… పొట్ట మీద కూడానా.

పాలు తాగుతోందా?… పొద్దుట్నించీ నిద్రేనా? బుద్ధిమంతురాలని మురిసిపోతున్నారా!… మరదల్ని లేపు. బయల్దేరండి, ఇప్పుడే. ఫోన్ పెట్టకు—

ఆటో ఎక్కారా?… డ్రైవర్ని హారన్ కొట్టమను…

ఏదో ఒకటి మాట్లాడమంటావా. సరే… ఆ 'ఇక్టెరిక్' గ్రీకు నుంచి వచ్చిన మాటట. కామెర్లకి వాళ్ళ పేరు. పసుపుపచ్చ పిట్ట ఒకదానికీ అదే పేరు. రోగి ఆ పిట్టని చూస్తే చాలు, జబ్బు దానికి అంటుకుని మనిషి లేచి కూర్చునేవాడని నమ్మేవాళ్ళట… అవును, పాపం పిట్టే. మనకి పిట్ట వద్దు, డాక్టరు చాలు… కళ్ళు తెరిచిందా? పిలుస్తూనే ఉండండి…

ఆసుపత్రికి వచ్చేశారా? పాపనివ్వు. ఆ నర్సు చేతుల్లో పెట్టు…

…ఒరేయ్?

…ఉన్నావా?

ఏమంటున్నారు?… నీలం లైటు కింద పడుకోబెడతారా. రక్తం మార్చక్కర్లేదన్నారా? సరిగ్గా విన్నావా?… వేళకే తెచ్చారన్నారా. అమ్మయ్య…

ఏడువు నాన్నా. గోడ వైపు తిరిగి ఏడువు, మరదలు చూడకుండా…

ఎవరు, మంచినీళ్ళిస్తోందా?… నువ్వు తిట్టినావిడేనా?

తీసుకో. తాగి, ఆవిడతో మాట్లాడు. నేను పెట్టేస్తున్నా.